సమాధానం అడిగేవారికి, సమాధానం చెప్పాల్సినవారికి

చెన్నైలోని మన తెలుగు కతోలిక సంఘం పెద్దలకు, పాత కమిటీ సభ్యులకు, కొత్త కమిటీ సభ్యులకు, మన విచారణ (పారిష్) గురువులకు ఒక బహిరంగ లేఖ

ఫాదర్ గారికి, అన్నలకు, తమ్ముళ్లకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారాలు.

మొన్న పాస్క (ఈస్టర్) పండుగ పూజలో చూసిన ఒక సంగతి నాకు మూడు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. ఒకరికొకరు శాంతి తెలుపుకోమని ఫాదర్ గారు అన్నారు. నా ముందు వరుసలో ఏడెనిమిదేళ్ల బాబు ఒకడు అటూ ఇటూ తిరిగి అందరికీ చేతులు జోడిస్తున్నాడు. మధ్యదారి అవతల ఉన్న బెంచీల వైపు కూడా తిరిగి చేతులు జోడించాడు. వాళ్ల నాన్న మెల్లగా ఆ చేతులు కిందికి దించి, భుజం పట్టుకుని వాణ్ణి బలిపీఠం వైపు తిప్పాడు. ఒక్క మాట కూడా అనలేదు. పిల్లవాడికి అర్థమైపోయింది. మళ్లీ అటు చూడలేదు.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. మా వీధిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా అర్ధరాత్రి ఆటో పిలిచేది అతనే. అవతలి బెంచీల్లో కూర్చున్నవాళ్లూ చెడ్డవాళ్లు కాదు. మా వారు పోయినప్పుడు మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించకుండా అన్నం పంపింది ఆ బెంచీలవాళ్లే. నాకు రెండు వైపులా రుణం ఉంది. అందుకే ఈ లేఖ ఏ ఒక్క పక్షం వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకుండా అందరికీ రాస్తున్నాను.

నేను గూడూరు దగ్గరి పల్లె నుంచి పెళ్లయి పెరంబూరు వచ్చినప్పుడు మనం పది పన్నెండు కుటుంబాలం. ఎక్కువమంది రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లోనో రైల్వేలోనో పనిచేసేవాళ్లు. నెలకొకసారి తెలుగు పూజ దొరికితే అదే పండుగ. ఊరు కాని ఊళ్లో మనవాళ్లు ఎవరైనా చనిపోతే మోయడానికి నలుగురు ఉండాలని మొదలుపెట్టిన సంఘం ఇది. సహాయ నిధి కూడా అందుకే పుట్టింది. ఇప్పుడు ఆ నిధి లెక్కల దగ్గరే రెండు ముక్కలయ్యాం. క్రిస్మస్‌కి రెండు కేరల్స్ బృందాలు ఒకే రాత్రి ఒకే ఇంటి గుమ్మం ముందు ఎదురుపడ్డాయి. పాస్కకు ముందు వచ్చే తపస్సు కాలంలో సిలువ మార్గం ప్రార్థన కూడా రెండు బ్యాచ్‌లుగా చేశాం. ఫిబ్రవరిలో మన పెద్దాయన ఒకరు కన్నుమూస్తే, సమాధుల తోట దగ్గర సగం మంది గేటు బయటే నిలబడిపోయారు. ఆయన భార్య ఆ గేటు వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

లెక్కల్లో ఎవరిది తప్పో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా రెండు వైపులా వినిపిస్తున్న మాట ఒక్కటే అని. "ముందు వాళ్లను సమాధానం చెప్పమనండి, తర్వాత చూద్దాం" అని ఒకరు. "మమ్మల్ని దొంగల్లా చూసినందుకు ముందు వాళ్లను సమాధానం చెప్పమనండి" అని ఇంకొకరు.

ఆ 'సమాధానం' అనే మాట దగ్గరే ఒక్క నిమిషం ఆగమని అడుగుతున్నాను. మన పూజలో మనం 'శాంతి' అంటాం. కానీ చిన్నప్పుడు మా పక్కింటి బాప్టిస్టు మామ్మ గారు చదివే బైబిల్లో చాలాచోట్ల ఆ మాట 'సమాధానము' అని ఉండేది. తలుపులు వేసుకుని కూర్చున్న శిష్యుల మధ్యకు ప్రభువు వచ్చి "మీకు సమాధానము కలుగును గాక" అంటాడు. స్కూల్లో ప్రశ్నకు రాసేదీ సమాధానమే, దేవుడిచ్చేదీ సమాధానమేనా అని నేను ఆవిడను అడిగాను. అవునే అమ్మా, రెండూ ఒకటే అంది ఆవిడ. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. ఇప్పుడు మన సంఘాన్ని చూస్తుంటే అర్థమవుతోంది. మనం ఏడాదిగా ఒకరినొకరు మొదటి సమాధానం అడుగుతూ రెండోదాన్ని పోగొట్టుకున్నాం. ప్రభువు మాత్రం రెండోదాన్ని ముందు ఇచ్చాడు.

వచ్చే ఆదివారం దివ్య కారుణ్య పండుగ. ఆ రోజు ఏటా ఇదే సువార్త చదువుతారు, యోహాను 20వ అధ్యాయం. ఆ గదిలో ఉన్నవాళ్లు ఎవరో చూడండి. గురువును పట్టుకుపోతుంటే వదిలేసి పారిపోయినవాళ్లు. ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకిన పేతురు వాళ్లలో ఉన్నాడు. సంజాయిషీ అడగాలంటే ఆ సాయంత్రం కంటే సరైన సమయం లేదు. "ఆ రాత్రి ఎక్కడికి పోయారు?" అని అడిగితే ఒక్కడి దగ్గరా జవాబు లేదు. ఆయన అది అడగలేదు. శాంతి చెప్పాడు, చేతులు చూపాడు, పక్క చూపాడు. గాయాలు దాచలేదు, ఏమీ జరగనట్టు నటించలేదు. మళ్లీ రెండోసారి శాంతి చెప్పి, వాళ్ల మీద ఊది, ఇతరుల పాపాలు క్షమించే పనిని వాళ్లకే అప్పగించాడు. క్షమాపణ పొందినవాళ్ల చేతిలోనే క్షమించే పని పెట్టాడు.

ఆ రోజు లేనివాడు తోమా. మన చెన్నైవాళ్లకు తోమా గారు పరాయివారు కాదు. సంప్రదాయం ప్రకారం ఆయన రక్తం చిందించింది మన పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీదే, ఆయన సమాధి ఉన్నది మన శాంథోములోనే. ఆయన అనుమానం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ మధ్యలోని ఎనిమిది రోజులు. పదిమంది ఒక మాట అంటున్నారు, ఈయన ఒక్కడూ నమ్మను అంటున్నాడు. అది చిన్న తేడా కాదు, ప్రభువు లేచాడా లేదా అన్న తేడా. అయినా ఎనిమిది రోజుల తర్వాత సువార్త చెప్పేదేమిటి? తోమా వాళ్లతో కూడా ఉన్నాడని. వాళ్లు వెళ్లగొట్టలేదు, ఈయన అలిగి వేరే గది చూసుకోలేదు. ప్రభువు వచ్చింది ఆ ఒక్క గదిలోకే. మన తేడా నిధి లెక్కల గురించి. మనకు ఒక్క గది చాలడం లేదు.

మనం ప్రతి ఆదివారం చెప్పే ప్రార్థనల్లోనే ఈ వరుస ఉంది, అలవాటైపోయి వినిపించడం లేదు. శాంతి తెలుపుకున్న వెంటనే దేవుని గొర్రెపిల్ల అయిన ప్రభువును మూడుసార్లు వేడుకుంటాం. రెండుసార్లు దయ చూపమని అడుగుతాం, మూడోసారి శాంతి ఇమ్మని అడుగుతాం. దయ ముందు, శాంతి తర్వాత. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గురువులు చెప్పే విమోచన ప్రార్థన కూడా కరుణగల తండ్రి పేరుతో మొదలై, క్షమాపణను, శాంతిని ఒకే మాటలో ఇస్తుంది. మనం ఈ వరుసను తిరగేశాం. ముందు అవతలివాడు తలవంచాలి, అప్పుడు శాంతి, ఆ తర్వాత మనకు వీలైతే దయ.

మనలో చాలామంది ఇళ్లల్లో కరుణామయ యేసు పటం ఉంది, గుండె నుంచి ఎర్రటి కిరణాలు, తెల్లటి కిరణాలు వచ్చే పటం. 1931 ఫిబ్రవరి 22న పోలండులోని ప్వోత్స్క్ పట్టణంలో సిస్టర్ ఫౌస్తీనాకు కలిగిన దర్శనం అది. ఆమె పెద్ద చదువులు చదవలేదు, మూడేళ్లు కూడా సరిగ్గా బడికి పోలేదు. మఠంలో వంట చేసింది, తోటపని చేసింది, గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు తలుపు తీసింది. నా కరుణ వైపు నమ్మకంతో తిరిగేదాకా మానవజాతికి శాంతి దొరకదని ప్రభువు తనతో అన్నట్టు ఆమె తన డైరీలో రాసుకుంది. 1938 అక్టోబరు 5న 33 ఏళ్ల వయసులో పోయింది. ఏడాది తిరక్కముందే ఆమె దేశం మీదనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

ఆ డైరీలోనే ఇంకొక మాట ఉంది. పొరుగువాడికి కరుణ చూపడానికి మూడు దారులు చెప్పాడట ప్రభువు: చేత, మాట, ప్రార్థన. మనకు మూడోది బాగా వచ్చు. అది చేసి మొదటి రెండూ చేసేశామని అనుకుంటాం. ఈ మాట వేరే ఎవరినో చూసి అనడం లేదు, నేనే అలా నాలుగేళ్లు బతికాను.

మా అమ్మ పోయినప్పుడు ఆమె నాలుగు బంగారు గాజుల్లో రెండే కనిపించాయి. ఆఖరి రోజుల్లో అమ్మను చూసుకున్నది గూడూరులో ఉన్న మా చెల్లెలు. పదకొండో రోజు బంధువులందరి ముందు నేను అడిగాను, మిగతా రెండూ ఏవని. అది నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది, జవాబు చెప్పలేదు. చెప్పలేదంటే తీసుకున్నట్టే అనుకున్నాను. నాలుగేళ్లు మా మధ్య మాటా మంచీ లేదు. దాని కొడుకు పెళ్లికి వెళ్లలేదు. ఆ నాలుగేళ్లూ రోజూ మధ్యాహ్నం మూడింటికి కరుణా జపమాల మాత్రం ఒక్కరోజు తప్పలేదు. స్కూల్లో ఉంటే స్టాఫ్‌రూమ్‌లోనే కళ్లు మూసుకుని చెప్పుకునేదాన్ని. రాత్రి పడుకుంటే మాత్రం ఛాతీ మీద ఏదో బరువు. బీపీ అనుకుని మాత్రలు వాడాను.

ఒక తపస్సు కాలంలో పాపసంకీర్తనానికి వెళితే, ఒక ముసలి ఫాదర్ గారు అంతా విని ఒక్క ప్రశ్న అడిగారు. "అమ్మా, ఆ జపమాలలో మా మీదను లోకమంతటి మీదను దయ చూపమని ఎన్నిసార్లు అంటావు?" యాభై సార్లండీ అన్నాను. "ఆ లోకంలో గూడూరు లేదా?"

దానికి నా దగ్గర మాట లేదు. ఆ శనివారమే సెంట్రల్‌లో పొద్దున్న రైలెక్కాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో మనసులో రాసుకుంటూనే ఉన్నాను. మా చెల్లెలు మేడ మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. నన్ను చూసింది. కాసేపు చూస్తూనే ఉంది. తర్వాత "ఆ గిన్నె ఇటు పట్టుకో" అంది. నాలుగేళ్ల తర్వాత దాని నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. గంటసేపు గిన్నె పట్టుకున్నాను. రాసుకొచ్చిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. తప్పు చేశానే, క్షమించు అని మాత్రం అన్నాను. అది తల ఎత్తకుండానే "ఎండ ఎక్కకముందే అయిపోవాలి" అంది.

గాజుల సంగతి ఆ రోజు నేను అడగలేదు, అది చెప్పలేదు. ఇంకో రెండు నెలలకు, ఒక రాత్రి ఫోన్లో, అదే చెప్పింది. అమ్మ ఆసుపత్రి ఖర్చుకు చాలక, అమ్మ చేతి నుంచే తీసి తాకట్టు పెట్టింది. విడిపించలేకపోయింది. పదిమందిలో ఆ మాట అంటే అమ్మను పోషించలేకపోయారని మా అన్న తలవంచుకోవాల్సి వస్తుందని నోరు మూసుకుంది. రసీదు ఇప్పటికీ దాని బీరువాలో ఉంది. నేను నాలుగేళ్లు నిలదీసినా బయటికి రాని లెక్క, నిలదీయడం మానేశాక దానంతట అదే వచ్చింది.

పెద్దలారా, నా కథలాగే మీ నిధి లెక్క కూడా ఉంటుందని నేను అనడం లేదు. అక్కడ నిజంగానే తప్పు జరిగి ఉండొచ్చు. కరుణ అంటే పుస్తకాలు మూసేయడమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ నిధిలో ఇళ్లల్లో పనిచేసుకునే మన అక్కాచెల్లెళ్ల రూపాయలు ఉన్నాయి, వాటికి లెక్క ఉండి తీరాలి. ప్రభువు కూడా బాకీలను తేలిగ్గా తీసెయ్యలేదు. క్షమించని సేవకుడి ఉపమానంలో తోటివాడు ఇవ్వాల్సింది నూరు దేనారాలు. దేనారం అంటే ఒక రోజు కూలి, కాబట్టి అది మూడు నెలలకు పైబడిన కష్టం. మనకు జరిగిన నష్టం చిన్నదని ఆయన అనడం లేదు. కానీ రాజు ఆ సేవకుడికి కొట్టేసిన అప్పు పదివేల తలాంతులు. తలాంతుకు ఆరువేల దేనారాల చొప్పున లెక్క వేస్తే ఆరు కోట్ల రోజుల కూలి. ఎన్ని జన్మలెత్తినా తీరని అప్పు మాఫీ అయి బయటికొచ్చినవాడు, గుమ్మంలోనే తోటివాడి గొంతు పట్టుకున్నాడు.

ప్రభువును చూడడానికి చెట్టెక్కిన జక్కయ్య, పన్నులు వసూలు చేసే సుంకరి, ఆయన సంగతి తీసుకోండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని ఆయన అన్నది ఎప్పుడు? ప్రభువు చెట్టు కింద నిలబడి, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలి అన్న తర్వాత. ముందు లెక్క తేల్చు, అప్పుడు నీ ఇంటికొస్తాను అనలేదు. గడప దాటి లోపలికి వెళ్లాక లెక్క తేలింది, అదీ ఎవరూ అడగకుండానే, నాలుగింతలుగా. "కృపాసత్యములు కలిసికొనినవి, నీతి సమాధానములు ఒకదానినొకటి ముద్దుపెట్టుకొనినవి" అని కీర్తనకారుడు 85వ కీర్తనలో పాడాడు. కృప ఉన్నచోట సత్యం భయపడకుండా బయటికొస్తుంది.

పునీత రెండవ జాన్ పాల్ పోపు గారి జీవితంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆయన దేవుని కరుణ మీద విశ్వలేఖ (తిరుసభ మొత్తానికీ పోపు గారు రాసే లేఖ) రాసింది 1980 నవంబరు 30న. ఆరు నెలలు గడవకముందే, 1981 మే 13న, వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చౌక్‌లో మెహ్మెత్ అలీ అజ్జా అనేవాడు ఆయన్ను తుపాకీతో కాల్చాడు. నాలుగు రోజులకే ఆసుపత్రి మంచం మీద నుంచి, నన్ను కాల్చిన సోదరుణ్ణి మనస్ఫూర్తిగా క్షమించాను, అతని కోసం ప్రార్థించండి అన్నారు. 1983లో క్రిస్మస్ అయిన రెండో రోజు జైలుకు వెళ్లి అతని పక్కన కూర్చుని మాట్లాడారు. అయినా అతను జైల్లోనే ఉన్నాడు. 19 ఏళ్ల తర్వాత, 2000లో, పోపు గారి కోరిక మీద ఇటలీ అతనికి క్షమాభిక్ష పెట్టింది. అదే ఏడాది ఏప్రిల్ 30న ఆయన ఫౌస్తీనమ్మను పునీతురాలిగా ప్రకటించి, పాస్క తర్వాతి ఆదివారాన్ని దివ్య కారుణ్య పండుగగా తిరుసభ మొత్తానికీ ఇచ్చారు. విచారణ జరిగింది, శిక్ష పడింది, క్షమాపణ మాత్రం వాటికోసం ఆగలేదు. ఆయన 1986 ఫిబ్రవరిలో మన శాంథోముకు వచ్చినప్పుడు జనంలో నిలబడి చూసిన సంగతి మా వారు ఎన్నిసార్లు చెప్పారో.

ఆ విశ్వలేఖలో ఆయన పాత నిబంధనలోని కరుణకు వాడిన హెబ్రీ మాటలను వివరించారు. వాటిలో ఒకటి రహమీమ్. తల్లి గర్భం అనే మాట నుంచి పుట్టిందట. ఇది తెలిసినప్పుడు నాకు మన అప్పగింతలు గుర్తొచ్చాయి. పిల్లను అత్తవారి చేతిలో పెడుతూ మన తల్లులు ఏమంటారు? "తెలిసీ తెలియక తప్పు చేస్తే కడుపులో పెట్టుకోండి వదినా" అంటారు. క్షమించండి అనరు, కడుపులో పెట్టుకోండి అంటారు. బిడ్డ ఉండే చోట తప్పుకు చోటివ్వమని. ఈ సంఘంలో ప్రతి తల్లీ ఆ మాట ఎవరో ఒకరితో అన్నదే, ప్రతి అత్తా విన్నదే.

ఇక నేను అడగదలచుకున్నది చెబుతాను. ఆదివారం సాయంత్రం పూజ ఆరింటికి. అంతకుముందు, నాలుగున్నరకు, పాత కమిటీవాళ్లూ కొత్త కమిటీవాళ్లూ మన హాల్లో ఒక్కచోట కూర్చోవాలి. ఆ రోజు లెక్కల పుస్తకాలు తేవద్దు. ఫాదర్ గారు సువార్త చదువుతారు. ఆ తర్వాత ఎవరు ఏ మాట అన్నందుకు బాధపడుతున్నారో ఆ ఒక్క మాటకే క్షమాపణ అడగండి. అవతలివాళ్ల తప్పు గుర్తు చేయకండి. మాట రాకపోతే చేతులు జోడించినా చాలు. ఆ పిల్లవాడు చేసింది అంతేగా.

లెక్కలకు వేరే రోజు పెట్టుకోండి, కానీ ఆ రోజే తేదీ ఖాయం చేయండి. రెండు పక్షాలకూ సంబంధం లేని ఆడిటర్ చేత చూపించండి. తప్పు తేలితే డబ్బు తిరిగి రావాలి. ఏమీ తేలకపోతే అనుమానించినవాళ్లు నిధిలో తమ చందా మళ్లీ కట్టడం మొదలుపెట్టాలి. ఏది తేలినా ఎవరి బెంచీ మారకూడదు. పూజ అయ్యాక ఫిబ్రవరిలో మనం గేటు బయట నిలబడ్డ ఆ ఇంటికి అందరం కలిసి వెళదాం. ఆవిడతో ముందే మాట్లాడాను. "వస్తే మంచిదే, ఎంతమంది వస్తారో చెప్పు టీచరమ్మా, కుర్చీలు చూడాలి" అంది.

హాలు తాళం ఉపదేశి గారి దగ్గర తీసుకున్నాను. నాలుగింటికే తలుపు తీసి ఫ్యాన్లు వేసి ఉంచుతాను. కుర్చీలు గుండ్రంగా వేయిస్తాను, అటు ఇటు అని ఉండకుండా. టీ, మంచినీళ్లు నావి. ఎంతమందికి పెట్టాలో శనివారం రాత్రిలోగా ఒక్క ఫోన్ చేసి చెప్పండి.

ప్రభువునందు మీ సహోదరి,
ఎడమవైపు మూడో బెంచీలో కూర్చునే రిటైర్డ్ టీచరు
పెరంబూరు, చెన్నై